గొర్రెల మేత బీడులో వాన నీళ్లు ఆపి గడ్డి తెప్పించడం: కొలతలతో సహా

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. ఆ లెక్కన ఎకరా బీడు మీద ఏటా 22 లక్షల లీటర్లు పడుతున్నాయి. అయినా మార్చి దాటేసరికి గొర్రెకు గడ్డిపరక దొరకదు, కాపరి మందను తోలుకుని వలస పోవలసిందే. వాన తక్కువే, కాదనలేం. కానీ పడిన ఆ కాస్తా నేలలోకి దిగడం లేదు. ఎర్ర గరుసు నేల మీద గడ్డి పోయాక చినుకు దెబ్బకు, గిట్టల తొక్కిడికి పై పొర బిగుసుకుపోతుంది. గట్టి వాన వస్తే నీళ్లు ఇంకకుండా జారిపోతూ మెత్తటి మట్టినీ, పేడనూ, గడ్డి గింజనూ వంకలోకి ఊడ్చుకుపోతాయి. అలాంటి చోట చివరికి తంగేడు, వెంపలి మిగులుతాయి. గొర్రె ముట్టదు కాబట్టే అవి మిగిలాయి.

కింద చెప్పే పనుల్లో గుంతలు, కట్టలు సగం. మంద ఎప్పుడు, ఎక్కడ మేయాలో ముందే ఒప్పుకోవడం మిగతా సగం. ఆ ఒప్పందం లేకుండా తవ్వితే రెండేళ్లలో గుంతలు పూడిపోతాయి, కట్టలు గిట్టల కింద నలిగిపోతాయి. అందుకే గడ్డపార కంటే ముందు దాని సంగతి చూడాలి.

కాపర్లతో కూర్చోవడం

ఊరి బీడు మొత్తాన్ని ఒక్కసారి మూయాలని చూడకండి. గొర్రెలు ఎక్కడికి పోవాలి? మూడు భాగాలు చేసి, ఒక భాగాన్నే మూయండి. అందులో గడ్డి నిలదొక్కుకున్నాక రెండోదానికి వెళ్లండి. హద్దులు కాగితం మీద గీసినవి కాకుండా బండ, వంక, చింతచెట్టులాగా కాపరికి దూరం నుంచి కనబడేవి కావాలి.

ఏ భాగం ముందు అన్నది కాపర్లే చెప్పాలి. వాళ్లను అడగవలసినవి ఇవి: తొలకరికి గడ్డి ముందు ఎక్కడ లేస్తుంది, వాన వెలిసిన మరునాడు కూడా నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, మంద నీళ్లకు ఏ దారిన పోతుంది. మంద దారిని కనీసం పది మీటర్ల వెడల్పున వదిలేయండి. దారికి అడ్డంగా తవ్విన గుంత ఒక్క వానాకాలం కూడా ఆగదు. నాలుగైదు మేకలు మాత్రమే ఉన్న ఆడవాళ్లను, కట్టెలు ఏరుకునేవాళ్లను తప్పకుండా పిలవండి. మూసివేత దెబ్బ ముందు తగిలేది వాళ్లకే. వాళ్లకు గడ్డి కోసుకుపోయే హక్కు మొదటి ఏడాది నుంచే ఇస్తే కాపలా సగం తేలికవుతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చే వలస మందలకు కూడా వాళ్లు బయల్దేరకముందే కబురు పెట్టాలి.

భూమి రెవెన్యూ పోరంబోకా, అటవీ భూమా అన్నది సర్వే నంబరుతో తేల్చుకోండి. పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం చేయించండి. అటవీ భూమిలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క గుంత కూడా తీయకూడదు.

నేలను పరీక్షించడం

వాలు తెలుసుకోవడానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు. పది మీటర్ల దూరంలో రెండు కర్రలు నిలిపి, ట్యూబులో నీటిమట్టం రెండు కర్రల మీదా గుర్తు పెట్టండి. నేల నుంచి ఆ గుర్తుల ఎత్తుల్లో తేడా 20 సెంటీమీటర్లుంటే వాలు 2 శాతం. ట్యూబులో గాలి బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది. నింపాక రెండు చివర్లూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు సమంగా నిలిచాయో లేదో ముందు చూసుకోండి.

వాలు 5 శాతం లోపయితే అర్ధచంద్ర గుంతలు. అంతకు మించితే కాంటూరు వెంట, అంటే వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో సాగే గీత వెంట, రాళ్ల వరుసలు. మట్టి కట్టలు అక్కడ ఆగవు.

తర్వాత మట్టి. రేగుపండంత ఎండిన మట్టి గడ్డను గాజు గ్లాసులో నీళ్లు పోసి, కదపకుండా అందులోకి వదలండి. గంట తర్వాత చూడండి. గడ్డ విరిగి అడుగున పొడిగా కూర్చుని, పైన నీళ్లు తేటగా ఉంటే ఆ మట్టితో కట్ట వేయొచ్చు. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు లేచి, ఎంతకీ తేరుకోకపోతే అది చౌడు లక్షణం. అలాంటి మట్టితో వేసిన కట్ట చూపుకు బాగానే ఉంటుంది కానీ లోపల సన్నటి సొరంగాలు పడి, గుంత నిండిన రోజే కారిపోతుంది. అక్కడ రాయి తప్ప మట్టి వాడకండి. ఎండకు బీటలు తీసే నల్లరేగడిలోనూ ఈ గుంతలు పనికిరావు.

కాంటూరు గీయడం

రెండు మీటర్ల కర్రలు రెండు తీసుకుని పైన ముడివేసి, నడుమ అడ్డకర్ర కట్టండి. పై ముడి నుంచి తాడుకు గుండ్రాయి వేలాడదీయండి. దీన్నే ‘A’ ఫ్రేము అంటారు. రెండు కాళ్లూ ఆనిన చోట గుర్తు పెట్టి, తాడు అడ్డకర్రను తాకే చోట ఒక గీత గీయండి. కాళ్లు అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలిపి రెండో గీత గీయండి. రెండు గీతల నడిమి బిందువే సమమట్టం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి, రెండో కాలును పైకీ కిందికీ జరుపుతూ తాడు ఆ బిందువు మీద నిలిచిన ప్రతి చోటా గూటం కొట్టుకుంటూ పోవడమే. గాలి ఎక్కువైతే తాడు ఊగుతుంది. పొద్దున్నే పని పెట్టుకోండి. గూటాల వెంట ముగ్గు పిండి పోస్తే గీత దూరానికి కూడా కనిపిస్తుంది.

అర్ధచంద్ర గుంత

ఇది ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపు అంచు అయిన సహెల్ పశుపోషకుల నేలల్లో నిగ్గు తేలిన పద్ధతి. నైజర్‌లో నాలుగు మీటర్ల వెడల్పు గుంతలు హెక్టారుకు 313 తవ్వుతారు. కెన్యాలోని కజియాడో ప్రాంతంలో మసాయి తెగ పశుపోషకులు ఇంకాస్త పెద్దవిగా, ఐదు మీటర్ల వెడల్పున తీస్తారు. మన గరుసు నేలకు నైజర్ కొలతే సరిపోతుంది.

కాంటూరు గీత మీద గూటం కొట్టి, రెండు మీటర్ల తాడు కట్టి, పల్లం వైపు అర్ధవృత్తం గీయండి. దాని రెండు కొనలూ కాంటూరు గీత మీదే ఉండాలి, నోరు ఎత్తు వైపుకు తెరిచి ఉండాలి. అదే వరుసలో నాలుగు మీటర్లు వదిలి రెండో గుంత. నాలుగు మీటర్లు కిందికి దిగి రెండో వరుస, పై వరుసలో ఖాళీ వదిలిన చోటికి కింద గుంత వచ్చేలా. ఎకరాకు 125 గుంతలు పడతాయి.

తవ్వకం ఇలా. ముందు పైనున్న ఐదు సెంటీమీటర్ల మట్టిని పారతో గీకి పక్కన పోగు పెట్టండి. ఉన్న కాస్త సారం, పాత గడ్డి గింజ అందులోనే ఉంటాయి. తర్వాత ఇరవై సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి, ఆ మట్టిని గీత మీద కట్టగా వేయండి. కట్ట అడుగు వెడల్పు 90 సెంటీమీటర్లు, పైన 30, ఎత్తు 30. ఒక్కసారి పోసేయకుండా పది సెంటీమీటర్ల పొర వేసి దిమ్మిస కొట్టి, మళ్లీ పొర వేయండి. కట్ట ఎత్తు కొనల వైపు తగ్గుతూ వచ్చి నేలలో కలవాలి. ఎక్కువైన నీళ్లు ఆ కొనల పక్క నుంచే బయటికి పోవాలి కాబట్టి అక్కడ పిడికిలంత రాళ్లు పరచండి. చివరగా పోగు పెట్టిన పై మట్టిని గుంత అడుగున పరిచి, గడ్డపారతో అక్కడక్కడ పొడిచి పొర పగలగొట్టండి.

ఇలా తీసిన ఒక్కో గుంతలో 1,200 లీటర్ల దాకా పడతాయి. 60 మిల్లీమీటర్ల కుండపోత పడి, పైనున్న 26 చదరపు మీటర్ల నేల మీది నీళ్లలో సగం జారి వచ్చినా గుంత పొంగదు. గట్టి నేలలో ఇద్దరు మనుషులు రోజుకు రెండు మూడు తీయగలరు. కృత్తిక కార్తెలో ఒక వాన పడ్డాక మొదలుపెట్టి మృగశిర లోపల ముగిస్తే తవ్వకం తేలిక, మొదటి వానలకు గుంతలు సిద్ధంగా ఉంటాయి.

మొదటి పెద్ద వాన పడిన మరునాడు బీడంతా తిరిగి చూడండి. కట్ట నడుమ తెగిందంటే దిమ్మిస చాలలేదు. ఒక కొన దగ్గరే కోత పడిందంటే రెండు కొనలూ ఒకే మట్టంలో లేవు, నీళ్లన్నీ పల్లపు కొన నుంచే పోతున్నాయి. ఆ కొనను ఎత్తు చేయండి. వరుస మొత్తం కొట్టుకుపోయిందంటే తప్పు పైన ఉంది. గుట్ట మీది నీళ్లు ఒక్కుమ్మడిగా దిగుతున్నాయి, మొదటి వరుస పైన కాంటూరు వెంట ఒక కందకం తీయాల్సిందే. ఎప్పుడూ పై నుంచి కిందికే పని చేసుకుంటూ రావాలని అనేది ఇందుకే.

గుంతల మధ్య వదిలిన ఖాళీ నేలను దున్నకండి, గట్టిగానే ఉండనివ్వండి. గుంతలోకి నీళ్లు జారేది దాని మీది నుంచే.

వంకలకు రాతి అడ్డుకట్టలు

బీడులో మోకాలి లోతు కోత పడిన చిన్న వంకలకే ఇది. రెండు మీటర్లు మించిన లోతు వంకకు ఇంజినీరు చూపు కావాలి.

వంక అడుగున 15 సెంటీమీటర్లు తవ్వి పునాది తీయండి, రెండు గట్లలోకీ అర మీటరు చొప్పున చొచ్చుకుపోవాలి. పెద్ద రాళ్లు దిగువ వైపు, చిన్నవి ఎగువ వైపు. రాయిని పొడవు నీటి ప్రవాహం దిక్కుగా ఉండేలా పేర్చండి, అడ్డంగా పెట్టిన రాయి దొర్లిపోతుంది. కట్ట నడుమ భాగం పక్కల కంటే 20 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలి. ఎక్కువ అడ్డుకట్టలు చెడిపోయేది ఈ ఒక్క విషయంలోనే. పైభాగం చదునుగా పేరిస్తే నీళ్లు పక్కకు తిరిగి గట్టును కోసేస్తాయి, ఏడాది తిరిగేసరికి కట్ట ఒకచోట, వంక ఇంకోచోట ఉంటాయి. నీళ్లు దూకే చోట మీటరున్నర మేర రాళ్లు పరచండి.

రెండు కట్టల నడుమ దూరానికి ఒక సూత్రం ఉంది: నడుమ పల్లం దగ్గర కట్ట ఎత్తును వంక వాలుతో భాగించండి. ఎత్తు 60 సెంటీమీటర్లు, వాలు 4 శాతం అయితే 0.6 ÷ 0.04 = 15 మీటర్లు. అంటే కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టంలోకి వస్తాయి. సిమెంటు అక్కర్లేదు. సందుల్లోంచి నీళ్లు కారిపోతూ మట్టి వెనక ఆగడమే మనకు కావలసింది.

విత్తనం

గుంత తవ్వి వదిలేస్తే ముందు మొలిచేది వయ్యారిభామ, సర్కారు తుమ్మ. కాబట్టి తవ్విన మొదటి వానాకాలమే గడ్డి పడాలి. అంజన్ గడ్డి గుంత లోపల, స్టైలో హమాటా కట్ట మీద. అంజన్ కరువును తట్టుకుంటుంది, మేసినకొద్దీ పిలకలు వేస్తుంది. స్టైలో పప్పుజాతిది, నేలకు నత్రజని, గొర్రెకు మాంసకృత్తులు దానివల్ల.

గుంతలన్నీ కలిపితే ఎకరాకు 20 సెంట్ల నేలే అవుతుంది. అందువల్ల అంజన్ అర కిలో, స్టైలో కిలో చాలు. అంజన్ గింజ కోసిన వెంటనే మొలవదు. అక్టోబరు, నవంబరుల్లో కోసినదాన్ని ఆరబెట్టి, గోనెసంచిలో ఉంచి జూన్‌లో చల్లితే బాగా మొలుస్తుంది. అది నూగుతో తేలికగా ఉండి గాలికి కొట్టుకుపోతుంది, మిగిలింది చీమలు ఎత్తుకుపోతాయి. మూడు పాళ్లు బంకమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పేడ కలిపి, గింజ వేసి, బఠాణీ గింజంత ఉండలు చేసి నీడన ఆరబెట్టండి. ఉండకు రెండు మూడు గింజలుండాలి.

స్టైలో గింజ పైతొక్క గట్టిది. మూడు పాళ్లు మరిగిన నీళ్లలో ఒక పాలు చన్నీళ్లు పోస్తే వేడి 80 డిగ్రీల దగ్గరికి వస్తుంది. అందులో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి మరునాడు చల్లండి. మరిగే నీళ్లలోనే వేస్తే గింజ చచ్చిపోతుంది.

కొన్న విత్తనాన్ని నమ్మి నేరుగా చల్లకండి. నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పది రోజులు చూడండి. ముప్పై కూడా మొలవకపోతే మోతాదు రెట్టింపు చేయండి లేదా ఆ విత్తనం వదిలేయండి. చల్లాక సెంటీమీటరు కంటే లోతున కప్పకూడదు. ముళ్లకంప ఒకటి తీసుకుని పైపైన లాగితే సరిపోతుంది.

గుంతకు ఒక గంప పశువుల ఎరువు వేయండి. మంద దొడ్డిలోని గొర్రె ఎరువు ఇంకా మంచిది, కానీ ఒక జాగ్రత్త ఉంది. ఎండాకాలంలో గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు తింటాయి, గింజలు అరగకుండా పెంటికల్లో బయటికి వస్తాయి. ఆ ఎరువు పచ్చిగా వేస్తే మీ చేత్తో మీరే బీడంతా సర్కారు తుమ్మ నాటినట్టు. దాన్ని వేరే గోతిలో తడిపి, కప్పి, మూడు నెలలు మాగబెట్టి, అప్పుడు వేయండి.

చెట్లు నాలుగు గుంతలకు ఒకటి చాలు, అంతకు మించితే నీడకు గడ్డి తగ్గుతుంది. కట్ట లోపలి పాదం దగ్గర నాటండి. తెల్ల తుమ్మ, రేగు, జమ్మి, వేప మన నేలకు అలవాటైనవి. తెల్ల తుమ్మ కాయ ఎండల్లో గొర్రెకు పనికొస్తుంది. సుబాబుల్ పెడితే మేతలో దాని ఆకు మూడో వంతు దాటకుండా చూసుకోవాలి, దాటితే గొర్రెకు ఉన్ని రాలిపోతుంది.

మందకు నీటి కుంట

ఎండాకాలంలో గొర్రెకు రోజుకు ఐదు లీటర్ల లెక్క వేసుకోండి. 500 గొర్రెలకు నూరు రోజులంటే రెండున్నర లక్షల లీటర్లు. పైన 15 × 15 మీటర్లు, అడుగున 6 × 6 మీటర్లు, లోతు 3 మీటర్లతో తవ్విన కుంటలో మూడున్నర లక్షల లీటర్లు పడతాయి. మన ఎండలకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా నూరు రోజుల్లో లక్ష లీటర్లు పోతాయి. మిగిలేది మందకు సరిపోతుంది, ఇంకుడు లేకపోతే. గరుసు నేలలో ఇంకుడు ఖాయం కాబట్టి అడుగునా పక్కలా చెరువు బంకమట్టి 20 సెంటీమీటర్లు పరిచి, తడిపి, దిమ్మిస కొట్టాలి. వెడల్పు పెంచి లోతు తగ్గించకండి, ఆవిరికి ఎక్కువ పోతుంది.

30 మిల్లీమీటర్ల వానకు ఐదో వంతు నీళ్లు జారి వస్తాయనుకుంటే ఈ కుంట ఒక్క వానకు నిండాలంటే 15 ఎకరాల పరీవాహకం కావాలి. ఆ 15 ఎకరాల్లో కూడా గుంతలు తవ్వేస్తే కుంటకు నీళ్లు రావు. బండ నేల, గడ్డి ఎలాగూ మొలవని గుట్ట వాలు కుంటకు వదలండి. నీళ్లు లోపలికి వచ్చే చోట 2 × 2 మీటర్లు, మీటరు లోతున, మట్టి ఆగడానికి ఒక గుంట తీసి, ప్రతి వానాకాలం ముందు పూడిక తీయండి.

మంద కుంటలో దిగకూడదు. గట్లు విరగడం ఒక నష్టం, నీళ్లలోని నత్తల ద్వారా కార్జపు జలగలు రావడం అంతకంటే పెద్ద నష్టం. చుట్టూ ముళ్లకంప వేసి, చేతిపంపుతోనో తోడిపోసో బయట తొట్టిలో నీళ్లివ్వండి. అది కుదరకపోతే ఒక్క పక్కనే, నాలుగు మీటర్లకు ఒక మీటరు దిగేలా వాలు దారి చేసి, రాళ్లు పరిచి, నీటి అంచు దాకా మాత్రమే పోనివ్వండి.

మూసివేత, నిప్పు, సర్కారు తుమ్మ

మొదటి ఏడాది పూర్తిగా మూయండి. మేత లేదు, కోత మాత్రమే. అదీ గింజ రాలాక, నవంబరులో. రెండో ఏడాది కూడా జూన్ నుంచి అక్టోబరు దాకా మూసి, తర్వాత మందను కొద్దిరోజులు దింపొచ్చు. తొలకరికి రెండాకులు వేసిన గడ్డిని గొర్రె కొరకదు, వేరుతో పీకేస్తుంది. ఏ ఏడాది ఏ మినహాయింపు ఇచ్చినా తొలకరి తర్వాతి ఆరు వారాలకు మాత్రం ఇవ్వకండి.

గడ్డి పెరిగితే నిప్పు భయం పెరుగుతుంది. డిసెంబరు, జనవరిలో బీడు చుట్టూ, దారుల వెంట నాలుగు మీటర్ల వెడల్పున గడ్డి కోసి నేల శుభ్రం చేయండి. చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లి ఉమ్మడి బీడును 1990ల మొదటి నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో కాపాడుకుంటూ వస్తున్నారు. అక్కడ గడ్డి, చెట్టు తిరిగి లేవడంలో ఏటా నిప్పు గీతలు తీయడం, కాపలా పెట్టడం పెద్ద పాత్ర వహించాయి.

సర్కారు తుమ్మను నరికితే మొద్దు నుంచి పది కొమ్మలు లేస్తాయి. వాన పడి నేల మెత్తబడ్డాక, వేరు మొదలును 30 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి తీయండి. బీడంతా ఒక్కసారి ఖాళీ చేయకుండా పట్టీలుగా తీసి, తీసిన చోట అదే వారం గడ్డి చల్లండి. కాయలున్న కంపను కంచెకు వాడకండి.

ఎన్ని గొర్రెలు, ఎన్ని రోజులు

నాలుగు కర్రలతో మీటరు చదరపు చట్రం కట్టండి. నవంబరులో బీడులో పది చోట్ల, మంచి చోటు చెడ్డ చోటు అని ఎంచకుండా, వేసి లోపలి గడ్డిని కోసి నాలుగు రోజులు ఎండబెట్టి తూచండి. సగటు గ్రాములను 4తో గుణిస్తే ఎకరాకు ఎన్ని కిలోల ఎండుగడ్డి ఉందో వస్తుంది. 150 గ్రాములు వచ్చిందనుకోండి, ఎకరాకు 600 కిలోలు. అందులో సగం నేలకే వదలాలి. మిగిలేది 300 కిలోలు. 30 కిలోల గొర్రె రోజుకు కిలో ఎండుగడ్డికి సమానమైన మేత తింటుంది. అంటే 40 ఎకరాల భాగంలో 12,000 కిలోలు, 400 గొర్రెలకు 30 రోజులు. లెక్క 30 అన్నా, గడ్డి మొదళ్లు నాలుగు వేళ్ల వెడల్పు ఎత్తుకు దిగిన రోజున మందను బయటికి తోలేయండి, అది ఇరవయ్యో రోజే అయినా సరే.